సిర్కా కాని సీసాలు

9 జూలై 2024, మంగళవారం

ఈ ఏడాది మొదటి గుత్తి ఇవాళ కోశాను. ఎండ ముదరకముందే కోత అయిపోవాలి, లేకపోతే పండు తొడిమ దగ్గరే ఉడికిపోతుంది. సౌదీలో ఈ ఖతీఫ్ ఎండకు జాలి లేదు.

అనాబెషాహి. కోలగా, బొటనవేలంత పండు. పచ్చగా ఉన్నప్పుడు తింటే నీళ్లు. తేనె రంగు తిరిగేదాకా ఆగితేనే అందులో ఏముందో చెబుతుంది. పందొమ్మిదేళ్లప్పుడు మేడ్చల్ తోటల్లో కత్తెర పట్టాను. ఇప్పుడు యాభై ఒకటి. మధ్యలో చాలా ద్రాక్షలు చూశాను, నల్లవి, ఎర్రవి, గింజ లేనివి. ఏదీ మనసుకు పట్టలేదు.

నాలుగేళ్ల కింద ఈ తోట యజమాని అబూ జవాద్ కాగితాలన్నీ సరిగ్గా పెట్టించి హైదరాబాదు నుంచి అరవై కొమ్మలు తెప్పించాడు. ఇక్కడి నాటు ద్రాక్ష వేళ్ల మీద అంటు కట్టాను. ఉప్పు నేల, ఉప్పు గాలి. నలభై ఒకటి బతికాయి. నాకు తెలిసినంతలో ఈ గడ్డ మీద ఈ పండును పండించిన మొదటివాణ్ణి నేనే. పైకి ఎవరితోనూ అనను. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది.

12 జూలై, శుక్రవారం

నర్సింలు జుబైల్ నుంచి వచ్చాడు. మా మండలం వాడే. అక్కడి ప్లాంట్లలో షట్‌డౌన్ మరమ్మతులకు ఇనుప గొట్టాల స్కాఫోల్డింగ్ కడతాడు. సెలవు దొరికితే తోటకు వచ్చి కోతలో చెయ్యి వేస్తాడు, కడుపునిండా పండ్లు తింటాడు, తోట డ్రైవరు మతీన్ బండిలో తిరిగి పోతాడు.

వెనిగర్‌ను మావాళ్లు సిర్కా అంటారు. ఆ డ్రమ్ములు కడుగుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నాసిక్‌ల గన్ని ఏండ్లు గదే పని జేస్తివి. గీడ ఉత్త సిర్కా జేసుకుంట కూసుంటే నీకు పానం గుంజదా?"

"ఊకో నర్సింలూ. మతీన్ వింటే బాగుండదు."

"ఏ, ఊకెనే అడిగిన."

వాడికి గొంతులో మంటే రుచి. ఊళ్లో కల్లయినా, బ్రాందీ అయినా ఒకే గుక్క. అలాంటివాడు నన్ను ఆ ప్రశ్న అడగడం ఏమిటి.

16 జూలై

రసం తీశాం. పన్నెండు డ్రమ్ములు నిండాయి.

అబూ జవాద్ డ్రమ్ముల గది గడప దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాలేదు. ప్రతి ఏడూ ఇంతే. పెద్దాయన నూనె కంపెనీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరై తాతల తోటను మళ్లీ పచ్చగా చేశాడు. ఆయన అరబిక్‌ను మతీన్ నాకు తెలుగు చేశాడు. నాకూ చాలావరకు అర్థమైంది.

"రసం ఒక్కసారిగా వెనిగర్ అయిపోదని నాకు తెలుసు. మధ్యలో కొన్ని వారాలు అది ఇంకొకటి అవుతుంది. దానంతట అది దాటిపోయి వెనిగర్ అయితే హలాల్. పెద్దలను అడిగాను. ఆ వారాల్లో నేను ఈ గదిలోకి రాను. ఇక్కడ నువ్వుంటావు, నీ పైన దేవుడుంటాడు."

ఆయన వెళ్లాక మతీన్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "భాయ్, నాసిక్‌ల షరాబు కంపెనీల జేసినోడని తెల్సి సుత నిన్ను పిలిపిచ్చిండు. ఎందుకో ఎర్కనా? నేను జమానత్ ఉన్న. మా లింబాద్రి భాయ్ ఏడేలు పెట్టమంటె ఆడనే పెడ్తడు అని చెప్పిన."

మతీన్‌ది శంషాబాద్ దగ్గర. ఈ ఇంట్లో పదిహేడేళ్లుగా డ్రైవరు. నా వీసా ఆయన చేయించిందే.

డ్రమ్ము నోటికి పల్చటి గుడ్డ కడితే లోపలికి గాలి ఆడుతుంది, రెండు నెలల్లో వెనిగర్ అవుతుంది. గుడ్డ తీసి మూత బిగించి, సన్నటి పైపు ఒకటి నీళ్లలోకి దించితే గాలి ఆడదు. అప్పుడది మధ్యలోనే ఆగిపోతుంది. తేడా అంతే. ఒక గుడ్డ, ఒక మూత.

పన్నెండింటికీ గుడ్డలు కట్టాను.

28 జూలై

పన్నెండో డ్రమ్ము గుడ్డ చిరిగింది. ఈగలు వాలుతాయని ప్రస్తుతానికి మూత పెట్టాను.

29 జూలై

మతీన్ కొత్త గుడ్డ తెచ్చిచ్చాడు. రేపు మారుస్తాను.

2 ఆగస్టు

మార్చలేదు. పైపు మాత్రం పెట్టాను. పెట్టకపోతే లోపలి గ్యాసుకు మూత ఎగిరిపోయేది. జాగ్రత్త కోసం.

5 ఆగస్టు

నాసిక్ గుర్తుకొస్తోంది. పద్నాలుగేళ్లు చేశాను ఆ వైనరీలో. కడిగేవాడిగా చేరి, పీపాల గది మొత్తం చూసుకునేవాడినయ్యాను. చదువు లేదు కాబట్టి బోర్డు మీద నా పేరు ఉండేది కాదు. ఓసారి యజమానితో అన్నాను, అనాబెషాహితో ఒక్క పీపా చేసి చూద్దామని. బయటి దేశం నుంచి వచ్చిన నిపుణుడొకడు పక్కనే ఉన్నాడు. ఇద్దరూ నవ్వారు. "అది పెళ్లి విందులో ప్లేటులో పెట్టే పండు లింబాద్రీ. అందులో నీళ్లు తప్ప ఏముంది?"

ఏముందో నాకు తెలుసు. తీగకు పాతిక గుత్తులు ఉంచితే నీళ్లే ఉంటాయి. ఎనిమిదే ఉంచి, మిగతావి పిందెలప్పుడే తెంపేసి, తేనె రంగు ముదిరేదాకా ఆగాలి. అంత ఓపిక ఎవరికీ లేకపోయింది.

పన్నెండో డ్రమ్ములోది సరిగ్గా అలాంటి తీగల పండే. అలా జరిగింది. కావాలని వేరుగా కోయలేదు.

(కావాలనే కోశాను.)

30 ఆగస్టు, శుక్రవారం

మతీన్ జుమా నమాజుకు వెళ్లాడు. తోటలో ఎవరూ లేరు. పైపు తీసి చిన్న గ్లాసులో పట్టాను.

ఎండుగడ్డి రంగు. ముందు వాసన చూశాను. జామపండు, తడి మట్టి, కొంచెం సోంపు. నోట్లో వేసుకున్నాక చివర్న సన్నటి చేదు. ఆ చేదు కోసమే ముప్పై ఏళ్లు. గదిలో ఒక్కణ్ణే నిలబడి ఏడ్చాను. నీళ్లే ఉన్నాయన్నారు కదా.

ఎవరికైనా చెప్పాలి. ఎవరికి చెప్పను? ఈ దేశంలో దీని పేరు కూడా పైకి అనలేను.

ఇది అమ్మేది కాదు, తాగి పడిపోయేది కాదు. దీన్ని ఆ మాటతో పిలవడం అన్యాయం.

27 సెప్టెంబరు

నర్సింలుకు చెప్పాను. చెప్పి ఉండాల్సింది కాదు. కానీ వాడొక మాట అన్నాడు.

"మా క్యాంపుల గోవా ఆయన ఒగలున్నడన్నా. ముసలాయన, మెస్సుల వండుతడు. ఎన్కట పెద్ద పెద్ద షిప్పులల్ల జేసిండట. గియ్యి ఏ దేశంయి, ఏ పండుయి అని వాసనతోనే చెప్తడంట. ఆయనకు సూపెడ్దమా?"

వద్దన్నాను. ఆ మాట అన్నప్పటినుంచి గోవా ముసలాయన వాసన చూస్తున్నట్టే ఉంది. ఏమంటాడు? ఏ దేశం అంటాడు?

4 అక్టోబరు, శుక్రవారం

రెండు సీసాలు నింపాను. మన తోట వెనిగర్ లేబుళ్లే అంటించాను, అవి తప్ప వేరేవి లేవు. మతీన్ సాయంత్రం జుబైల్ దుకాణానికి పన్నెండు పెట్టెల వెనిగర్ వేసుకుని పోతున్నాడు, నర్సింలును దారిలో క్యాంపు దగ్గర దింపుతాడు. చివరి పెట్టెలో రెండు వెనిగర్ సీసాలు తీసి ఇవి పెట్టాను. దిగేటప్పుడు ఆ పెట్టెలోంచి రెండు తీసుకొమ్మని నర్సింలుకు చెప్పాను. క్యాంపుకు కావాలంటే మతీన్ కాదనడు.

మతీన్‌కు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది. ముప్పావు గంట దారి.

బండెక్కుతూ మతీన్ అన్నాడు: "దువా జేయి భాయ్, ఆ దుకాణపోడు ఈసారి నెల నెలా తీసుకుంటనన్నడు."

5 అక్టోబరు

మతీన్ రాలేదు. ఫోను ఎత్తడం లేదు.

5 అక్టోబరు, మధ్యాహ్నం

నర్సింలు ఫోను చేశాడు. వాడి మాటలు వరుసగా రాస్తున్నాను. రాస్తే అయినా అర్థమవుతుందేమో.

దారిలో చెక్ పాయింట్. ఇకామా కార్డులు చూస్తుండగా వెనక పెట్టెలో టప్పుమని చప్పుడు. ఒక సీసా బిరడా ఎగిరి, అంతా పొంగి కారింది. పోలీసు వంగి వాసన చూశాడు. రెండో సీసా తీశాడు. ఇద్దరినీ దింపి స్టేషనుకు తీసుకెళ్లారు.

మతీన్ ఒకటే మాట. అది వెనిగర్, మా తోటది, ఖుదా కసమ్ వెనిగర్. వాళ్లు ముక్కు దగ్గర పెడితే ఒక్కసారిగా వెనక్కి జరిగాడట.  చివరికి నర్సింలును చూపించి, "ఈయన ఊకె లిఫ్ట్ అడిగిండు. ఈయనకేం తెల్వదు" అన్నాడట.

నర్సింలును రాత్రికే వదిలేశారు.

"ఆయనే ఇడిపిచ్చిండన్నా నన్ను," అన్నాడు నర్సింలు. "నేను నోరు తెరువలేదు. ఏం జేద్దమే?"

"ఊకో," అన్నాను. "అబూ జవాద్ పెద్దమనిషి. రెండు రోజుల్లో బయటికి తెస్తాడు. మనం ముందు పడితే గలీజవుతుంది."

తీపి ఇంకా మిగిలుండగానే సీసాలకు పట్టాను. బండిలో వేడికి లోపల మళ్లీ పొంగింది. ఇంకో ఆరు వారాలు ఆగాల్సింది. మొదట చేరిన కూలివాడికి కూడా తెలిసే తప్పు. గోవా ముసలాయన ఏమంటాడోనన్న తొందర.

మతీన్ లోపలున్నాడు. నేను బిరడా గురించి రాస్తున్నాను.

6 అక్టోబరు

పన్నెండో డ్రమ్ము ఖాళీ చేశాను. పట్టపగలే, మురుగు కాలవలోకి. గొట్టం పెట్టి మూడుసార్లు కడిగి, పక్క డ్రమ్ములోంచి వెనిగర్ తెచ్చి పోసి, మతీన్ తెచ్చిన ఆ కొత్త గుడ్డే కట్టాను.

7 అక్టోబరు

ముగ్గురు పోలీసులు వచ్చి గది తనిఖీ చేశారు. అన్ని డ్రమ్ములూ తెరిచి చూశారు. అంతా వెనిగరే. అబూ జవాద్ గడప బయట తస్బీ మాల తిప్పుతూ నిలబడ్డాడు.

వాళ్లు పోయాక నన్నడిగాడు, నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చిన్న చిన్న మాటల్లో: "లింబాద్రీ. అన్నీ తెరిచే ఉన్నాయా? మొదటి రోజు నుంచీ?"

"వల్లాహి, బాబా," అన్నాను. ఆయన దేవుడి మీదే ఒట్టు పెట్టాను.

ఆయన తల ఊపాడు. "అయితే మతీన్ ఎక్కడ సంపాదించాడు అది? పదిహేడేళ్లు నా పిల్లల్ని బడికి తీసుకెళ్లాడు."

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. తోట శుభ్రంగా ఉంది కాబట్టి తప్పు మతీన్‌దయింది. ఆ డ్రమ్ము అలాగే ఉండి ఉంటే ఆయన బయటికి వచ్చేవాడు.

9 అక్టోబరు

ఖాలిదా ఫోను చేసింది, మతీన్ భార్య. మూడేళ్లుగా నాకు రంజానుకు బట్టలు పంపుతుంది.

"భాయీ, మీరైనా నిజం చెప్పున్రి. మా వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో తీరు అంటున్నరు. ఆయన తెల్లారి ఫజర్ నమాజు తప్పిన రోజు లేదు. గలత్ సావాసం పట్టిండా అక్కడ?"

"లేదమ్మా. ఏదో పొరపాటు. వచ్చేస్తాడు."

"మీరున్నరు గదా అక్కడ. మీరుంటే నాకు ధైర్యం. మా బిడ్డ అఫ్షాన్ సుత అదే అంటది, అంకుల్ ఉన్నడు గద అమ్మీ అని."

ఫోను పెట్టేశాక అన్నం తిన్నాను. తినగలిగాను.

11 అక్టోబరు, శుక్రవారం

నర్సింలు రాలేదు. ఫోను చేశాడు. "పోయి చెప్దామన్నా" అన్నాడు. నా మీద ఆధారపడ్డవాళ్లు ఊళ్లో ఎంతమందో లెక్క చెప్పాను. వాడి మీదా ఉన్నారు. మతీన్ మీదా ఉన్నారు. వాడు అది అనలేదు. "సరే తియ్" అన్నాడు.

12 అక్టోబరు

రేపు చెబుతాను అబూ జవాద్‌కు.

13 అక్టోబరు

రేపు.

14 అక్టోబరు, సోమవారం

పొద్దున నర్సింలు.

"అన్నా, నేను పోతున్న స్టేషన్‌కు. ఆ సీసాలు నాయే అని చెప్త. దుకాణంల జూసు కొని క్యాంపుల నేనే చేసిన, ఖాళీ సిర్కా సీసాలల్ల పోసి మతీన్‌కు తెల్వకుంట పెట్టెల పెట్టిన అని. నీ పేరు రానియ్య."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"అన్నా? ఇంటున్నవా?"

"ఆఁ."

"నిద్ర వడ్తలేదే. ఆయన అక్కడ పోలీసు ముంగట నాకేం తెల్వదని చెప్తుంటె నేను చెప్పుల దిక్కు సూసిన. నాకు తాగుడు తప్ప ఇంకోటి రాదంటరు అందరు. లస్మవ్వ సుత గదే అంటది. ఉండనీ."

లస్మవ్వ వాడి భార్య.

'వద్దు, నేనే వెళ్తాను' అనాలి. ఆ మూడు మాటలు నోటి దాకా వచ్చాయి. అనలేదు. వాడు కాసేపు ఆగాడు, నేను అంటానేమో అని ఆగినట్టే ఉంది. తర్వాత పెట్టేశాడు.

వాడికి రుచి తెలియదని రాశాను ఇదే పుస్తకంలో.

17 అక్టోబరు

మతీన్ వచ్చాడు. అబూ జవాద్ కొడుకు జవాద్ కారులో తీసుకొచ్చాడు. బండి దిగి నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు. ఒళ్లు సగమైంది.

18 అక్టోబరు, శుక్రవారం

మతీన్ జుమాకు వెళ్లలేదు. నా గదిలో మంచం అంచున కూర్చున్నాడు.

"లోపల పదమూడు రోజులున్న భాయ్. షరాబు కేసు అని అందరికి ఎర్క. మొదటి రోజు నమాజు చదివియ్యనీకి నన్ను ముంగటికి పిలిచిండ్రు, గడ్డం జూసి. తర్వాత కేసేందో తెల్సింది. నా ఎనకాల ఒక్కడు నిలవడలే. మల్ల నేను మూలకు ఒక్కన్నే చదువుకున్న."

నేను చాయ్ కలుపుతూ ఉండిపోయాను. వెనక్కి తిరగలేదు.

"ఆ నర్సింలు. నమక్ హరామ్. నా బండిల కూసొని, నా రొట్టె తిని. నేనే వాణ్ని ఇడిపిస్తి సూడు! నవ్వుకుంటుండొచ్చు లోపట్లోపట. అవునా కాదా?"

"అవును," అన్నాను.

అవును అన్నాను. నా చేతులతో చాయ్ ఇచ్చి, అవును అన్నాను. ఇంతకంటే కిందికి మెట్టు ఉందో లేదో నాకు తెలియదు.

19 అక్టోబరు

చెప్పాను. నా అంతట నేను చెప్పలేదు, అదీ రాసుకోవాలి.

మధ్యాహ్నం మతీన్ ఫోను పట్టుకుని వచ్చాడు. "మీ ఊరోడే గద వాడు. వాని ఇంటి నంబర్ ఇయ్యి. వాని భార్యకు చెప్త నీ మొగుడు ఎసొంటోడో. నా ఖాలిదా ఏడ్చినట్టు ఆమె సుత జెర ఏడ్వాలె."

నంబరు నా ఫోనులో ఉంది. వేలు దాని మీదకు వెళ్లింది కూడా. నొక్కితే అయిపోయేది. లస్మవ్వ ముఖం గుర్తొచ్చింది. పోయిన ఏడు ఊరికి వెళ్లినప్పుడు వాడికి పచ్చడి సీసా పంపడానికి బస్టాండు దాకా నడిచి వచ్చింది.

"మతీన్ భాయ్, అది నర్సింలు చేయలేదు. నేను చేశాను."

అర్థం కానట్టు చూశాడు.

"పన్నెండో డ్రమ్ములో. సీసాలు నీ పెట్టెలో పెట్టింది నేనే. నువ్వు లోపలున్నప్పుడు డ్రమ్ము కడిగేసింది నేనే."

 బయట అబూ జవాద్ ఎవరితోనో ఎరువు గురించి మాట్లాడుతున్నాడు. మతీన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఎప్పటి సంది?"

"జూలై నుంచి."

"నేను తెచ్చిచ్చిన గుడ్డ?"

"కట్టలేదు."

"ఖాలిదా ఫోన్ చేస్తె మాట్లాడినవంట."

"మాట్లాడాను."

"నేను లోపలున్న పదమూడు దినాలు అన్నం తిన్నవా భాయ్?"

"తిన్నాను."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. ఆయన లేచి నల్లా దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు, మోచేతుల దాకా, మూడుసార్లు. తిరిగి వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఎందుకు జేసినవ్? తాగనీకా?"

"కాదు. ఆ పండుతో అవుతుందని చూపించడానికి."

"ఎవరికి?"

 నాసిక్‌లో నవ్విన ఇద్దరిలో ఒకరు చనిపోయారు, ఇంకొకరికి నా పేరు కూడా గుర్తుండదు.

"నేను నిన్ను తోల్కపోను," అన్నాడు మతీన్. "నువ్వు బాబాకు చెప్పు. నీ అంతట నువ్వు నడిచి పో."

20 అక్టోబరు, ఆదివారం

అబూ జవాద్‌కు చెప్పాను. మతీన్ తెలుగు చేయడానికి రాలేదు. నాకు వచ్చిన అరబిక్‌తోనే చెప్పాను. వైన్ అన్న మాటకు అరబిక్ ఏదో నాలుగేళ్లుగా తెలుసు, మొదటిసారి పలికాను. ఆ మాటతో పిలవడం అన్యాయమని రాసుకున్నాను ఒకప్పుడు. అది అదే. మొదటి రోజు నుంచీ అదే.

పెద్దాయన తస్బీ జేబులో పెట్టుకున్నాడు. "నా దేవుడి మీద ఒట్టు పెట్టావు," అన్నాడు. "నీ దేవుడి మీద పెట్టినా నేను నమ్మేవాణ్ణే."

అంతే. తిట్టలేదు. ఇంకో అరగంటలో స్టేషనుకు బయల్దేరుతున్నాం. బట్టలు సర్దుకోలేదు. ఈ పుస్తకం మంచం కింద పెడుతున్నాను.

3 ఫిబ్రవరి 2025, తర్హీల్

దేశం నుంచి పంపేయడానికి ముందు ఉంచే చోటును తర్హీల్ అంటారు. నిన్న జవాద్ నా బట్టల సంచీ తెచ్చాడు. అన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉన్నాయి. అడుగున ఈ పుస్తకం. మతీన్ సర్దాడట. ఆయన తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. చదవడం వస్తే పంపేవాడా, తెలియదు. తను రాలేదు. రావాలని నేను ఆశపడలేదు అని రాయబోయాను. ఆశపడ్డాను.

వెనిగర్ గది మూసేశారు. తీగలు ఉంచారు, పండ్లు పండ్లుగానే అమ్ముతారట. కొమ్మలు కత్తిరించేది ఈ నెలలోనే, ఎవరు కత్తిరిస్తున్నారని జవాద్‌ను అడిగాను. ఎవరో బంగ్లాదేశ్ మనిషట. ఎన్ని గుత్తులు ఉంచాలో చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను.

అప్పటి విషయం రాయాలి. అక్టోబరులో నన్ను లోపలికి పంపినప్పుడు నర్సింలు అదే హాలులో ఉన్నాడు. గోడకు ఆనుకుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. సంతోషిస్తాడనుకున్నాను. నిజం చెప్పి వచ్చాను, ఇక నిన్ను వదిలేస్తారు అన్నాను.

"ఎవడు రమ్మన్నడే నిన్ను?" అన్నాడు. గొంతు పెద్దది చేస్తే చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. "మతీన్ భాయ్ బయటికి పోయిండు గద. అయిపోయిండె. ఒక్కనితోని పోయేదాన్ని ఇద్దరికి తెస్తివి."

"నీ మీద తప్పు ఉండకూడదని నర్సింలూ..."

"నా మీద లేని తప్పేందే? ఆ సీసాలు నేను దీస్కపోతనన్నదే గద. జిందగిల ఒక్క మంచి పని జేసిన్నన్నా. ఒక్కటి. నువ్వొచ్చి అది గూడ నాదే అంటివి."

నేను చెప్పింది విన్నాక వాణ్ణి వదిలేయలేదు. అబద్ధం చెప్పినందుకూ, తెలిసి తీసుకెళ్లినందుకూ వాడికీ శిక్ష పడింది. నాకు వాడి కంటే ఎక్కువ. ఇద్దరికీ చివర దేశం వదలడమే. రెండు నెలలు వాడు నాతో మాట్లాడలేదు. పక్క పక్కనే పడుకున్నాం. చలికాలం వచ్చాక నా దుప్పటి పలచగా ఉందని చూసి తనది సగం ఇటు జరిపేవాడు, ముఖం అటు తిప్పుకునే. ఏమైనా అనబోతే కళ్లు మూసుకునేవాడు.

జనవరి చివర్లో నన్ను తొందరగానే ఇటు మార్చారు. అబూ జవాద్ ఎవరితోనో మాట్లాడాడని జవాద్ అన్నాడు. దానికీ నేను అర్హుణ్ణి కాదు. వాణ్ణీ అదే రోజు తెచ్చారు.

ఇవాళ పొద్దున చదివిన పేర్లలో నర్సింలుది ఉంది. మధ్యాహ్నం విమానం, హైదరాబాదుకు. వాడు చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్లి కాళ్ల మీద చెయ్యి పెట్టబోయాను. కాళ్లు చప్పున ముడుచుకున్నాడు.

"ఏందన్నా గిది. పెద్దోనివి."

"ఊళ్లో ఏమని చెబుతావు నర్సింలూ?"

 కిటికీ లోంచి వెలుతురు వాడి ముఖం మీద పడుతోంది. కళ్ల కింద వాపు పోయింది. నాలుగు నెలలుగా చుక్క లేదు కదా. నాకు తెలిసిన నర్సింలు కంటే వయసు తక్కువ మనిషిలా ఉన్నాడు.

"తాగి దొరికిండనే అనుకుంటరు అందరు. అనుకోనీ. లస్మవ్వకు మాత్రం చెప్త. మతీన్ భాయ్ అని ఒక మంచి మనిషి జైల్ల వడితే నేనే పోయి ఇడిపిచ్చిన అని." నా వైపు సూటిగా చూశాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి. "నువ్వు ఊరికొచ్చినంక అది కాదనకు."

"అనను."

"నీ సంగతి నువ్వు చెప్పుకో. నాది నాకు ఇడిశిపెట్టు."

"అలాగే."

సిపాయి మళ్లీ పేరు పిలిచాడు, వాడి పేరును సగం మింగేస్తూ. నర్సింలు లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

వచ్చే వారం నన్నూ పంపుతారు. ఊళ్లో లస్మవ్వ ఎదురైతే అడుగుతుంది, నీ తమ్ముడు చెప్పింది నిజమేనా అని. నిజమే అంటాను. వాడి మీద దయతో కాదు. మతీన్ బయటికి వచ్చింది అక్టోబరు పదిహేడున. నేను నోరు విప్పింది పంతొమ్మిదిన.